స్ప్లాష్ మౌంటెన్ నుంచి టియానా బయూ వరకు: థీమ్ పార్కు రూపమార్పు వివాదం, మౌఖిక కథల వారసత్వం

వ్యాససంగ్రహం:

అమెరికాలోని డిస్నీ థీమ్ పార్కులలో పాత రైడ్లను తొలగించి, సినిమా ఫ్రాంచైజీల ఆధారంగా కొత్తవాటిని నిర్మించడంపై అభిమానుల మధ్య మూడు దశాబ్దాలుగా వివాదం సాగుతున్నది. వాటిలో ఎక్కువ చర్చకు వచ్చినది స్ప్లాష్ మౌంటెన్ రైడ్‌ను 2023లో మూసివేసి, 2024లో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా మార్చిన సందర్భం. ఈ రైడ్ మూలం ఆఫ్రికన్ అమెరికన్ బానిసల మౌఖిక జంతుకథలు. ఆ కథలు నోటి నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి సినిమాకు, సినిమా నుంచి రైడ్‌కు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'మూలాన్ని కాపాడాలి' అన్న పక్షం గాని, 'మార్చాలి' అన్న పక్షం గాని ఆ కథలు చెప్పినవారిని తమ వాదంలో ప్రధానంగా లెక్కలోకి తీసుకోలేదని ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: థీమ్ పార్కు, ఫ్రాంచైజీ, మౌఖిక కథ, పాఠాంతరం, బ్రేర్ రాబిట్, తారుబొమ్మ కథ, వారసత్వం.

1. ఉపోద్ఘాతం:

ఒక కథకు ఏది మూలం, ఏది పాఠాంతరం అన్న ప్రశ్న సాహిత్య పరిశోధకులకు కొత్తది కాదు. తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పాఠనిర్ణయం చేసే పరిష్కర్తకు, ఒకే కథను నలుగురు కథకుల నోట విని నమోదు చేసుకొనే జానపద పరిశోధకునికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్యే. ఇదే ప్రశ్న వినోదపరిశ్రమలోనూ తలెత్తుతుంది. థీమ్ పార్కులో ఒక రైడ్‌ను మార్చగానే 'అసలైనదాన్ని పాడుచేశారు' అని కొందరు అభిమానులు నిరసన తెలుపుతారు. 'అసలైనదిలోనే లోపముంది' అని మరికొందరు బదులిస్తారు.

ఒక సినిమాకు సంబంధించిన కథ, పాత్రలు, పాటలు, పేర్లపై ఒక సంస్థకు గల హక్కుల సముదాయాన్ని, వాటి ఆధారంగా వెలువడే ఉత్పత్తుల పరంపరను ఫ్రాంచైజీ అంటున్నారు. పార్కు కోసమే ఊహించిన రైడ్ల స్థానంలో ఇటువంటి ఫ్రాంచైజీ రైడ్లు రావడమే అభిమానుల ప్రధాన ఆరోపణ. ఈ ఆరోపణ ఎంతవరకు చరిత్రకు నిలుస్తుందో ముందుగా చూసి, తరువాత స్ప్లాష్ మౌంటెన్ ఉదాహరణను వివరంగా పరిశీలిద్దాం.

2. పుట్టుకలోనే ఉన్న ఫ్రాంచైజీ లక్షణం:

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ 1955 జులై 17న ప్రారంభమైంది. దాని నిర్మాణానికి ఏబీసీ టెలివిజన్ సంస్థ పెట్టుబడి తోడ్పడింది. అందుకు ప్రతిగా వాల్ట్ డిస్నీ 1954 అక్టోబరు నుంచి 'డిస్నీల్యాండ్' అన్న పేరుతోనే ఆ సంస్థకు కార్యక్రమం సమర్పించాడు. అంటే పార్కు ద్వారాలు తెరవక ముందే దాని పేరు ఇంటింటా వినిపించింది. తొలినాటి రైడ్లలో స్నో వైట్, పీటర్ పాన్, మిస్టర్ టోడ్ మూడూ సంస్థ సినిమాల నుంచి వచ్చినవే. పార్కు మధ్యనున్న కోటకు స్లీపింగ్ బ్యూటీ పేరు పెట్టారు. ఆ సినిమా మాత్రం 1959లో గాని విడుదల కాలేదు. నాలుగేళ్లపాటు ఆ కోట రాబోయే సినిమాకు ప్రకటనగా నిలిచింది.

ఇందుకు భిన్నమైన ధోరణి కూడా ఉంది. 1967లో ప్రారంభమైన పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్, 1969లో ప్రారంభమైన హాంటెడ్ మాన్షన్ ఏ సినిమాకూ అనుసరణలు కావు. పార్కు కోసమే రూపొందినవి. అభిమానులు 'స్వతంత్ర సృష్టి' అన్నప్పుడు ముందుగా ఉదాహరించేది వీటినే. అయితే 2003లో పైరేట్స్ రైడ్ సినిమాగా మారింది. ఆ సినిమాలోని జాక్ స్పారో పాత్రను 2006లో తిరిగి రైడ్‌లోనికి చేర్చారు. రైడ్ నుంచి సినిమా, సినిమా నుంచి మళ్లీ రైడ్. ఈ రాకపోకలలో ఏది మూలమో, ఏది ప్రక్షిప్తమో విడదీయడం కష్టం.

కాబట్టి 'ఒకప్పుడు పార్కులు స్వచ్ఛమైన సృజనతో ఉండేవి, ఇప్పుడు వ్యాపారమయమయ్యాయి' అన్న వాదాన్ని యథాతథంగా అంగీకరించలేం. రెండు ధోరణులూ తొలి నుంచీ ఉన్నాయి. కాలక్రమంలో వాటి పాళ్లు మాత్రమే మారాయి.

3. అభిమానుల నిరసన - మూడు సందర్భాలు:

ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మిస్టర్ టోడ్ రైడ్‌ను 1998 సెప్టెంబరు 7న మూసివేశారు. మూసివేత వార్త పొక్కిన 1997 నుంచే అభిమానులు ఆకుపచ్చ చొక్కాలు ధరించి పార్కులో గుమిగూడారు. సంస్థకు పోస్టుకార్డులు పంపారు. ఫలితం లేకపోయింది. 1999లో అక్కడ విన్నీ ద పూ రైడ్ వచ్చింది. అయితే కొత్త రైడ్ గోడపై కప్పదొర ఇంటి దస్తావేజును గుడ్లగూబకు అప్పగిస్తున్నట్లు ఒక చిత్రం పెట్టారు. హాంటెడ్ మాన్షన్ ప్రాంగణంలోని పెంపుడు జంతువుల సమాధుల నడుమ కప్పదొర ప్రతిమను నిలిపారు. తొలగింపును సంస్థ స్వయంగా ఒక జ్ఞాపకచిహ్నంగా మార్చడం ఇక్కడ గమనించదగినది.

రెండవ సందర్భం ఎప్‌కాట్ పార్కులోని నార్వే మండపానిది. వైకింగులు, ట్రోలు భూతాలతో 1988 నుంచి నడిచిన మేల్‌స్ట్రోమ్ పడవ రైడ్‌ను 2014 అక్టోబరులో మూసి, 2016 జూన్‌లో ఫ్రోజెన్ సినిమా రైడ్‌గా మార్చారు. దేశదేశాల సంస్కృతిని పరిచయం చేసే ఆవరణలో ఒక నిజమైన దేశపు జానపద విశ్వాసాల స్థానాన్ని ఒక కల్పిత రాజ్యం ఆక్రమించిందన్నది నాటి అభ్యంతరం. ఈ అభ్యంతరానికి బలముంది.

మూడవది పైరేట్స్ రైడ్‌లోని వేలం దృశ్యం. బంధించిన స్త్రీలను దొంగలు వేలం వేస్తున్నట్లున్న ఆ దృశ్యాన్ని 2018లో అమెరికా పార్కులలో మార్చి, ఎర్రజుట్టు స్త్రీని ఓడదొంగగా చూపారు. ఇక్కడ ఫ్రాంచైజీ ప్రసక్తి లేదు. విలువల మార్పే కారణం. అయినా నిరసన భాష మాత్రం పాతదే: మూలాన్ని చెరిపారు.

ఈ మూడింటిలో మూడు వేర్వేరు విషయాలున్నాయి. మొదటిది వ్యక్తిగత జ్ఞాపకం, రెండవది సాంస్కృతిక ప్రాతినిధ్యం, మూడవది నైతికత. స్ప్లాష్ మౌంటెన్ వివాదంలో ఈ మూడూ ఒక్కచోట కలిశాయి. అందుకే అది మిగిలినవాటికన్నా తీవ్రమైంది.

4. నోటి నుంచి పుస్తకానికి:

స్ప్లాష్ మౌంటెన్ కథానాయకుడు బ్రేర్ రాబిట్ అనే కుందేలు. 'బ్రేర్' అన్నది 'బ్రదర్' అన్న పదానికి నాటి నల్లజాతీయుల ఉచ్చారణ. మన కథలలో 'నక్కబావ' అన్నట్టే అక్కడ జంతువులన్నిటికీ ఈ బంధుత్వపు పిలుపు ఉంటుంది. బలవంతులైన నక్కను, ఎలుగుబంటిని ఈ కుందేలు తెలివితో ఓడిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటలలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు చెప్పుకొన్న కథలివి. ఎదిరించే బలం లేనివాడు యుక్తితో బయటపడడం వారికి వినోదం మాత్రమే కాదు, బతుకు పాఠం కూడా. చరిత్రకారుడు లారెన్స్ లెవిన్ 1977లో వెలువరించిన 'బ్లాక్ కల్చర్ అండ్ బ్లాక్ కాన్షస్‌నెస్' గ్రంథంలో ఈ కథల సామాజికార్థాన్ని విపులంగా చర్చించాడు.

జార్జియా రాష్ట్రానికి చెందిన శ్వేతజాతీయ పాత్రికేయుడు జోయెల్ చాండ్లర్ హారిస్ బాల్యంలో టర్న్‌వోల్డ్ అనే తోటలో అచ్చుపని నేర్చుకొంటూ అక్కడి బానిసల వద్ద ఈ కథలు విన్నాడు. 1880లో వాటిని 'అంకుల్ రీమస్' పేరుతో పుస్తకంగా ప్రకటించాడు. రీమస్ అనే వృద్ధ నల్లజాతీయుడు ఒక తెల్ల పిల్లవానికి కథలు చెబుతున్నట్లు దానికి ఒక చట్రకథను కల్పించాడు. కథలు జానపదులవి, చట్రం హారిస్‌ది. పాత తోటల జీవితం ఆప్యాయంగా గడిచిందన్న భ్రమకు ఆ చట్రమే చోటిచ్చింది. జార్జ్ టెరెల్ వంటి ఒకరిద్దరి పేర్లు హారిస్ జీవితచరిత్రలలో కనిపిస్తాయి గాని, పుస్తకం అట్టపై ఉన్నది హారిస్ పేరు, కల్పిత రీమస్ పేరు మాత్రమే.

ఈ కథలలో జగత్ప్రసిద్ధమైనది తారుబొమ్మ కథ. నక్క తారుతో ఒక బొమ్మను చేసి దారిలో నిలుపుతుంది. పలకరిస్తే బదులివ్వలేదన్న కోపంతో కుందేలు దాన్ని కొట్టి, కాళ్లూ తలా అతుక్కుపోయి చిక్కుకొంటుంది. చివరకు 'ఏమైనా చెయ్యి గాని ముళ్లపొదలో మాత్రం వేయవద్దు' అని వేడుకొని, ఆ పొదలోనే పడి తప్పించుకొంటుంది. ముళ్లపొదే దాని పుట్టినిల్లు. ఈ కథకు భారతీయ సంబంధం గురించి విద్వాంసులు చాలాకాలం చర్చించారు. పంచావుధ జాతకంలో రాజకుమారుడు జిగురు రోమాల యక్షుని కొట్టి, రెండు చేతులు, రెండు కాళ్లు, తల అనే ఐదు చోట్ల అతుక్కుపోతాడు. సంయుత్త నికాయంలో జిగురుకు ఐదు చోట్ల చిక్కిన కోతి ప్రస్తావన ఉంది. ఈ సామ్యాన్ని ఆధారం చేసుకొని ఆరేలియో ఎస్పినోసా 1930లో ఈ కథ భారతదేశంలో పుట్టిందని వాదించాడు. ఆఫ్రికా మూలాన్ని సమర్థించినవారూ ఉన్నారు. మూలం ఎక్కడిదైనా, దానికి ముళ్లపొద ముగింపుతో అంత పదునైన అర్థాన్ని ఇచ్చి నిలిపినవారు అమెరికా తోటల్లోని కథకులు.

5. పుస్తకం నుంచి సినిమాకు:

డిస్నీ సంస్థ 1946లో ఈ కథలను 'సాంగ్ ఆఫ్ ది సౌత్' అన్న సినిమాగా తీసింది. రీమస్ పాత్ర ధరించిన జేమ్స్ బాస్కెట్‌కు 1948లో గౌరవ ఆస్కార్ లభించింది. అయితే అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు ఆయన హాజరు కాలేదు. వర్ణవివక్ష అమలులో ఉన్న ఆ నగరంలో తెల్లవారితో సమానంగా ఆయన కూర్చొనే వీలు లేదు. నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. కార్యదర్శి వాల్టర్ వైట్ సినిమాలోని కళానైపుణ్యాన్ని ఒప్పుకొంటూనే, యజమాని-బానిస సంబంధాన్ని అది ఆహ్లాదకరంగా చూపుతున్నదని విడుదలనాడే అభ్యంతరం తెలిపాడు. అంటే ఈ విమర్శ 2020లో పుట్టినది కాదు. సినిమా అంత వయసు దానిది. 1986 తరువాత ఈ సినిమాను అమెరికాలో థియేటర్లలో మళ్లీ విడుదల చేయలేదు. అక్కడి గృహవీక్షకులకు వీడియో రూపంలోనూ ఎన్నడూ అందించలేదు.

హారిస్ పుట్టిన ఈటన్‌టన్ పట్టణంలోనే పుట్టిన రచయిత్రి ఆలిస్ వాకర్ 1981 నాటి తన వ్యాసంలో ఈ నష్టాన్ని తన అనుభవంగా చెప్పింది. తన పూర్వుల కథలను చూసి తానే సిగ్గుపడేలా చేయడం ద్వారా హారిస్ తన వారసత్వంలో మంచి భాగాన్ని దొంగిలించాడన్నది ఆమె వాదం. ఒక వారసత్వాన్ని తొలగించకుండానే, దాన్ని తప్పు చట్రంలో నిలిపి, వారసులకే పరాయిని చేయవచ్చునన్న సూక్ష్మమైన పరిశీలన ఇది.

6. సినిమా నుంచి రైడ్‌కు:

1983లో రూపకర్త టోనీ బాక్స్టర్ ఈ సినిమాలోని జంతుకథల ఆధారంగా ఒక నీటి రైడ్‌ను ఊహించాడు. సినిమాలోని జంతుపాత్రలకు ప్రాణం పోసిన చిత్రకారులలో ఒకడైన మార్క్ డేవిస్ అప్పటికే 'అమెరికా సింగ్స్' అనే ప్రదర్శనకు యాంత్రిక జంతుబొమ్మలు రూపొందించి ఉన్నాడు. 1974లో ప్రారంభమైన ఆ ప్రదర్శనను 1988లో మూసివేసి, దానిలోని చాలా బొమ్మలను కొత్త రైడ్‌కు తరలించారు. 1989 జులై 17న డిస్నీల్యాండ్‌లో స్ప్లాష్ మౌంటెన్ ప్రారంభమైంది. 1992లో ఫ్లోరిడాలోనూ, టోక్యోలోనూ వచ్చింది. దుంగ ఆకారంలోని పడవ సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి ముళ్లపొదలోనికి జారడం దాని ముఖ్యఘట్టం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, అభిమానులు 'మూలం'గా భావించిన రైడ్ మరొక ప్రదర్శనను తొలగించి, దాని బొమ్మలతోనే నిర్మించినది. రెండవది, సంస్థ ఈ రైడ్‌లో రీమస్ పాత్రను వదిలివేసింది. తారుబొమ్మ స్థానంలో తేనెను పెట్టింది. విమర్శను ముందే ఊహించి చేసిన మార్పులివి. వివాదాస్పదమైన చట్రం పోయింది. దానితోపాటు, కథ ఎవరిదో సూచించే ఆనవాలు కూడా పోయింది. తెల్ల రచయిత చట్రంలోనైనా అంతవరకు ఒక నల్లజాతి కథకుని గొంతు వినబడేది. రైడ్‌లో అదీ లేదు. కుందేలు, నక్క, ఎలుగుబంటి ఏ జాతికీ, ఏ చరిత్రకూ చెందని వినోదపాత్రలుగా మిగిలాయి.

సరిగ్గా ఈ కాలంలోనే నల్లజాతి రచయితలు ఈ కథలను తిరిగి తమవిగా చేసుకొంటున్నారు. టోనీ మారిసన్ 'తార్ బేబీ' నవల 1981లో వచ్చింది. జూలియస్ లెస్టర్ 1987లో రీమస్ కథలను తోటల నాటి యాసను తగ్గించి సమకాలీన నల్లజాతి వాడుకలో తిరగరాశాడు. అంతకుముందే, 1935లో, జోరా నీల్ హర్‌స్టన్ తన సొంత ప్రాంతమైన ఫ్లోరిడాలో కథలు సేకరించి, చెప్పినవారి పేర్లతో, వారి మాటల మధ్యనే 'మ్యూల్స్ అండ్ మెన్'లో ప్రచురించింది. కథను వదలకుండా చట్రాన్ని మార్చే మార్గం ఉందని ఈ రచనలు నిరూపిస్తున్నాయి.

7. రెండు పక్షాల వాదాలు:

2020 మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన తరువాత అమెరికా అంతటా జాతి న్యాయం చర్చకు వచ్చింది. స్ప్లాష్ మౌంటెన్‌ను మార్చాలని, మార్చవద్దని పోటాపోటీగా ఆన్‌లైన్ విజ్ఞప్తులు వెలువడ్డాయి. జూన్ 25న సంస్థ మార్పును ప్రకటించింది. అందుకు సన్నాహాలు 2019లోనే మొదలయ్యాయని చెప్పింది. ఫ్లోరిడాలో 2023 జనవరి 22, కాలిఫోర్నియాలో మే 30 పాత రైడ్ చివరి రోజులు. చివరి రోజులలో గంటల తరబడి వరుసలలో నిలబడినవారున్నారు. రైడ్ నీరని చెబుతూ సీసాలను ఆన్‌లైన్ వేలంలో అమ్మకానికి పెట్టినవారూ ఉన్నారు.

నిలపాలన్న పక్షం వాదం ఇది: రైడ్‌లో జాతివివక్ష దృశ్యం ఏదీ లేదు, సినిమా చూడని తరాలు దీన్ని ప్రేమించాయి, కుటుంబ జ్ఞాపకాలు దీనితో ముడిపడ్డాయి. మార్చాలన్న పక్షం వాదం ఇది: సినిమాను దాచిపెట్టి, దాని పాటలను, పాత్రలను అమ్ముకోవడం నిజాయితీ కాదు, నల్లజాతి సందర్శకుని అవమానం మరొకరి బాల్యస్మృతికన్నా చిన్నది కాదు. రెండింటిలోనూ సత్యాంశం ఉంది. అయితే మొదటి పక్షం తన జ్ఞాపకాన్ని 'మూలం'గా పొరబడింది. రెండవ పక్షం సినిమాను కథలతో సమానం చేసింది.

కొత్త రైడ్ 2024 జూన్ 28న ఫ్లోరిడాలో, నవంబరు 15న కాలిఫోర్నియాలో ప్రారంభమైంది. కొండ అదే, నీటి కాలువ అదే, జారుడూ అదే. కథ 2009 నాటి 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' సినిమాకు కొనసాగింపు. నాయిక టియానా డిస్నీ సంస్థ తొలి ఆఫ్రికన్ అమెరికన్ రాకుమారి. న్యూ ఆర్లీన్స్‌లో భోజనశాల నడిపిన ప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞురాలు లియా చేజ్ ఆ పాత్రకు స్ఫూర్తి. రూపకల్పనకు నాయకత్వం వహించినవారిలో ఆఫ్రికన్ అమెరికన్ రూపకర్త చరిటా కార్టర్ ఉన్నారు. ప్రాతినిధ్యం దృష్ట్యా ఇది నిస్సందేహంగా ముందడుగు. ప్రతినాయకుడు లేనందున కథలో ఉత్కంఠ తగ్గిందన్న విమర్శ కూడా వచ్చింది.

8. ఎవరూ అడగని ప్రశ్న:

టియానా సినిమాకు ఆధారం ఇ.డి. బేకర్ 2002 నాటి నవల, దాని వెనుక గ్రిమ్ సోదరుల కప్పరాజు కథ. అంటే నల్లజాతి కథకులు సృష్టించిన కథ వెళ్లి, ఐరోపా కథలో నల్లజాతి నాయిక వచ్చింది. పాత రైడ్‌లో కథ వారిది, ముఖాలు వారివి కావు. కొత్త రైడ్‌లో ముఖాలు వారివి, కథ వారిది కాదు. ఈ వైపరీత్యం వివాదంలో ముందుకు రాలేదు. అభిమానుల దృష్టి తాము ఎక్కిన రైడ్‌పై నిలిచింది. విమర్శకుల దృష్టి తాము ఖండించిన సినిమాపై నిలిచింది. వీటికి వెనుక, తోటల గుడిసెలలో రాత్రిపూట కథలు చెప్పిన పేరులేని మనుషులు రెండు వైపులవారికీ కనబడలేదు.

థీమ్ పార్కు మ్యూజియం కాదు, వారసత్వ రక్షణ దాని పని కాదు అని ఇక్కడ ఆక్షేపించవచ్చు. ఇది సమంజసమైన ఆక్షేపమే. కాని కోట్లాది ప్రజలకు ఒక కథ మొదటిసారి తెలిసేది ఎక్కడన్నది కూడా చరిత్రలో భాగమే. అభిమానులు స్వయంగా 'వారసత్వం' అన్న మాటను వాడినప్పుడు, ఎవరి వారసత్వం అని అడగడం పరిశోధకుని బాధ్యత.

9. తెలుగు జానపద పరిశోధనకు ప్రాసంగికత:

హారిస్ పుస్తకానికి ఆరేళ్ల ముందు, 1874లో, జె.ఎ. బోయల్ అనే ఆంగ్లేయ అధికారి సర్వాయి పాపని కథ మొదలైన తెలుగు వీరగాథలను 'ఇండియన్ యాంటిక్వరీ'లో ప్రకటించాడు. మన జానపద సేకరణ చరిత్రలో ఇది తొలి మెట్లలో ఒకటి. సందర్భాలు వేరైనా సమస్య ఒకటే: సేకర్త పేరు నిలుస్తుంది, గాయకుని పేరు నిలవదు. నేడు మన మౌఖిక గాథలు సినిమాలుగా, దృశ్యమాధ్యమ పరంపరలుగా మారుతున్నాయి. సేకరణ దశలోనే కథకుని పేరు, ఊరు, కథ చెప్పిన సందర్భం నమోదు చేయకపోతే, తరువాతి రూపాలలో ఎవరు ఏమి మార్చారో తేల్చే ఆధారమే ఉండదు. క్షేత్రపర్యటన పట్టికలో ఖాళీగా వదిలిన ఒక గడి ఎంత దూరం ప్రభావం చూపుతుందో స్ప్లాష్ మౌంటెన్ చరిత్ర తెలుపుతున్నది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఫ్రాంచైజీ ఆధారిత రైడ్లు ఇటీవలి వికృతి కావు. 1955 నుంచే థీమ్ పార్కు నిర్మాణంలో అవి అంతర్భాగం.

2. అభిమానులు 'మూలం' అనేది తరచు తమ తొలి అనుభవం. స్ప్లాష్ మౌంటెన్ స్వయంగా నాలుగవ దశ పాఠాంతరం.

3. విమర్శను తప్పించుకోవడానికి రీమస్‌ను, తారుబొమ్మను తొలగించడంతో కథల చారిత్రక ఆనవాలు 2023కన్నా ముందే, 1989లోనే చెరిగింది.

4. ప్రాతినిధ్యం, కథాస్వామ్యం రెండూ ఒకటి కావు. కొత్త రైడ్ మొదటిదాన్ని సాధించింది, రెండవదాన్ని స్పృశించలేదు.

5. హర్‌స్టన్, లెస్టర్‌ల రచనలు చూపినట్లు, కథను విడిచిపెట్టకుండానే తప్పు చట్రాన్ని విడిచిపెట్టవచ్చు.

టోక్యోలో పాత రైడ్ తేనెతో, పాటలతో నేటికీ నడుస్తున్నది. అమెరికాలో అదే కొండపై టియానా పడవలు జారుతున్నాయి. తారుబొమ్మ కథ మాత్రం రెండు చోట్లా లేదు. దాన్ని వినదలచినవారు మళ్లీ పుస్తకాల వద్దకో, ఇంకా ఆ కథ చెబుతున్న ఇళ్లకో వెళ్లవలసిందే.